పాత ఆయిల్‌లో ఏమీ కలపకండి

విజయవాడ ఆటోనగర్ మెకానిక్ సోదరులకు, షెడ్డుల్లో పని నేర్చుకుంటున్న తమ్ముళ్లకు నమస్కారం.

ముప్పై ఏళ్లు ఇంజిన్ పనే చేశాను. ఈరోజు రోజూ మన ట్రేలో పడే నల్లటి ఆయిల్ గురించి మాట్లాడదామని వచ్చాను.

డ్రెయిన్ బోల్టు విప్పగానే వేడివేడిగా, తారులా దిగుతుంది కదా. చూడగానే "ఇక దీని పని అయిపోయింది" అంటాం. కానీ ఆ నూనె అరిగిపోలేదు, మురికి పట్టిందంతే. మసి, ఇనప రజను, కాస్త తడి, కాస్త డీజిల్ చేరాయి. కంపెనీ కలిపిన కెమికల్స్ బలం తగ్గింది. పాత ఆయిల్‌ను మళ్లీ పనికొచ్చేలా చేసే రీరిఫైనింగ్ ప్లాంటులో ముందు నీళ్లు, డీజిల్ లాంటివి ఆవిరి చేసి తీసేస్తారు. తర్వాత వాక్యూమ్‌లో మరిగిస్తే నూనె ఆవిరై, చల్లబడి, పక్కకు దిగుతుంది. మడ్డి అడుగున ఉండిపోతుంది. ఆ నూనెను శుద్ధి చేసి మళ్లీ కెమికల్స్ కలిపితే ఇంజిన్‌లో పోసుకోవచ్చు. 42 గాలన్ల క్రూడ్ నుంచి ఎంత ఇంజిన్ ఆయిల్ వస్తుందో, ఒక్క గాలన్ పాత ఆయిల్ నుంచి ఇంచుమించు అంతే వస్తుంది. ఆ క్రూడ్‌లో ఎక్కువ భాగం మనం బయటి దేశాల నుంచి కొనుక్కుంటున్నదే.

అలాంటి సరుకును మనం సెంట్రింగ్ చెక్కలకు పూయడానికి ఇచ్చేస్తున్నాం. దుమ్ము లేవకుండా షెడ్డు ముందు చల్లుతున్నాం. మిగిలింది డ్రైనేజీలోకి. వాన వెలిశాక సైడు కాలువ మీద నెమలి కన్నులా మెరిసే పొర మీరంతా చూసే ఉంటారు. ఆ పొర కింద నీటికి గాలి ఆడదు. ఒక్క లీటరు పాత ఆయిల్ పది లక్షల లీటర్ల నీటిని పాడుచేయగలదంటారు. ప్రకాశం బ్యారేజీ దగ్గర బయల్దేరిన బందరు, ఏలూరు, రైవస్ కాలువలు మన ఊళ్లోంచే కిందికి పోతాయి. ఎండాకాలం డెల్టా పల్లెల్లో తాగునీటి చెరువులు నింపుకునేది కాలువ నీళ్లతోనే. మా అమ్మమ్మగారి ఊరూ బందరు కాలువ కిందిదే. ఈ మాట దగ్గర నా గొంతు కాస్త పెరిగితే ఏమీ అనుకోకండి.

దాచడంలో కూడా తప్పు జరుగుతుంది. నేనే చేశాను. పార్టులు కడిగిన కిరోసిన్, రేడియేటర్ నుంచి దించిన కూలెంట్, అన్నీ ఒకే డ్రమ్ములో పోయించాను. కొనే ఆయన వచ్చి కర్ర ముంచి తీశాడు. నల్లగా ఉండాల్సింది పాలు పోసిన కాఫీలా ఉంది. "ఇది నాకొద్దన్నా" అని వెళ్లిపోయాడు. రెండు వందల లీటర్లు. ఆ రోజు నుంచి మా షెడ్డులో పాత ఆయిల్ డ్రమ్ముకు మూత, మూత మీద రేకు. బ్రేక్ ఆయిల్‌కు, కూలెంట్‌కు వేరే డబ్బాలు. ఫిల్టర్‌ను కూడా బోర్లించి, కారడం ఆగాకే తీస్తాం.

అమ్మేది మాత్రం కాలుష్య నియంత్రణ మండలి అనుమతి ఉన్నవాళ్లకే. రెండు రూపాయలు ఎక్కువిస్తానని వచ్చేవాడు దాన్ని ఏ బట్టీలోనో కాల్చేస్తే, అందులోని సీసం మన పిల్లలు పీల్చే గాలిలోకే వస్తుంది. 2024 ఏప్రిల్ 1 నుంచి ఆయిల్ తయారుచేసే కంపెనీలు కూడా కొంత పాత ఆయిల్‌ను రీసైకిల్ చేయించాలని కేంద్రం నిబంధన పెట్టింది. అంటే మన డ్రమ్ముకు గిరాకీ పెరిగేదే.

తమ్ముళ్లూ, ఒక్క మాట. మోచేతుల దాకా ఆయిల్ పూసుకుని, పెట్రోల్‌తో కడుక్కోవద్దు. గ్లౌజులు వేసుకోండి, సబ్బుతో కడగండి. ఏళ్ల తరబడి ఒంటికి అంటితే క్యాన్సర్ తెచ్చే పదార్థాలు అందులో ఉన్నాయి.

బయట ఒక ఆటో, రెండు డ్రమ్ములు పెట్టించాను. రండి, ఆయిల్ దించుదాం. మొదటి బోల్టు ఈ వెనక కూర్చున్న చిన్న తమ్ముడు విప్పుతాడు.