ఒక ఎల్పీ, దాని లింకు డాక్యుమెంట్లు

అందరికీ నమస్కారం.

నా చేతిలో ఉన్న ఈ ఎల్పీని ముందు ఒకసారి చూడండి. జాజ్ డ్రమ్మర్ ఆర్ట్ బ్లేకీ, ఆయన జాజ్ మెసెంజర్స్ బృందం. 1958 అక్టోబర్ 30న న్యూజెర్సీలోని హాకెన్‌సాక్‌లో, రూడీ వాన్ గెల్డర్ తల్లిదండ్రుల ఇంటి హాల్లో దీన్ని రికార్డు చేశారు. వాన్ గెల్డర్ వృత్తి కంటి పరీక్షలు చేయడం. ఆ సంపాదనతోనే మైకులు, మెషిన్లు కొనుక్కుని ఆ హాలును స్టూడియోగా మార్చుకున్నాడు. రికార్డు తీసిన కంపెనీ బ్లూ నోట్. కానీ ఈ కాపీ లేబుల్ మీద మరో పేరు కూడా ఉంది: 'ఎ డివిజన్ ఆఫ్ యునైటెడ్ ఆర్టిస్ట్స్ రికార్డ్స్'. 1958లో ఈ రెండు కంపెనీలకూ ఏ సంబంధమూ లేదు. మరి ఈ పేరు ఇక్కడికెలా వచ్చింది?

మనం స్థలం కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు అడుగుతాం. ఎవరి దగ్గర నుంచి ఎవరికి వచ్చింది, మధ్యలో ఎవరైనా తాకట్టు పెట్టారా అని ఈసీ తీయిస్తాం. జాజ్ లేబుళ్ల, అంటే రికార్డు కంపెనీల విషయంలోనూ నేను చాలా ఏళ్లుగా చేస్తున్నది ఈ పనే.

బ్లూ నోట్‌ను 1939లో న్యూయార్క్‌లో మొదలుపెట్టింది ఆల్ఫ్రెడ్ లయన్, మాక్స్ మార్గులిస్. లయన్‌ది బెర్లిన్. అతని చిన్ననాటి స్నేహితుడు ఫ్రాన్సిస్ వుల్ఫ్ కూడా అదే ఏడాది నాజీ జర్మనీ నుంచి బయటపడి వచ్చి కంపెనీలో చేరాడు. రిహార్సల్ రోజులకు కూడా సంగీతకారులకు డబ్బులిచ్చిన కంపెనీ అది. ఆ రోజుల్లో అలా ఇచ్చేవాళ్లు చాలా అరుదు.

అలాంటి కంపెనీని 1965లో లిబర్టీ రికార్డ్స్‌కు ఎందుకు అమ్మేశారు? నష్టాలొచ్చి కాదు. 1964లో లీ మోర్గన్ రికార్డు ఒకటి పెద్ద హిట్టయింది. చిన్న కంపెనీకి హిట్టు వస్తే టెన్షన్ కూడా వస్తుంది. ప్రెస్సింగ్ ప్లాంటుకు డబ్బు ముందే కట్టాలి, డిస్ట్రిబ్యూటర్లేమో నెలల తరబడి ఇవ్వరు. ఇంకో హిట్టు ఉంటేనే పాత బాకీ కదులుతుంది. అమ్మిన రెండేళ్లకు లయన్ తప్పుకున్నాడు. వుల్ఫ్ 1971లో చనిపోయాడు. ఈలోగా 1968లో లిబర్టీని ట్రాన్సామెరికా కొన్నది. ఇన్సూరెన్స్, ఫైనాన్స్ వ్యాపారం చేసే సంస్థ అది. యునైటెడ్ ఆర్టిస్ట్స్ కూడా దానిదే కాబట్టి రెండింటినీ కలిపేసింది. నా చేతిలో ఉన్న లేబుల్ ఆనాటిది.

ఈ క్రమమంతా రికార్డు మీదే చదవొచ్చు. లేబుల్ మీద 767 లెక్సింగ్టన్ అవెన్యూ అని అడ్రసుంటే అది పాత ముద్రణ. 47 వెస్ట్ 63 అంటే ఆ తర్వాతి కాలం. పాట అయిపోయాక లేబుల్ చుట్టూ ఖాళీ జాగా ఉంటుంది కదా, అక్కడ చెవి ఆకారంలో చిన్న గీత కనిపిస్తే ఆ కాపీని ప్లాస్టిలైట్ అనే ప్లాంటు ముద్రించినట్టు. నిజానికి అది వంపు తిరిగిన 'పి' అక్షరం. లిబర్టీ వచ్చాక ఆ ప్లాంటుతో పని ఆగిపోయింది, చెవి గుర్తూ పోయింది. అదే జాగాలో వాన్ గెల్డర్ పేరు ముద్ర ఉండి చెవి లేకపోతే, ఆయన కట్ చేసిన మాస్టర్ (మూల అచ్చు) తోనే వేరే ప్లాంటులో ముద్రించారని అర్థం చేసుకోవచ్చు. చేతులు మారిన సంగతి వినైల్ మీదే గీసి ఉందన్నమాట.

1979లో ఇదంతా ఈఎమ్ఐ చేతికి వెళ్లింది. ఇక్కడ మనకొక చుట్టరికం ఉంది. మన ఇళ్లలో ఘంటసాల పాటలు మోగించిన కుక్కబొమ్మ రికార్డుల కంపెనీ, గ్రామఫోన్ కంపెనీ ఆఫ్ ఇండియా, పెరిగింది ఈఎమ్ఐ శాఖగానే. 2012లో ఈఎమ్ఐని ముక్కలు చేసి అమ్మినప్పుడు బ్లూ నోట్ యూనివర్సల్ మ్యూజిక్‌కు చేరింది. వర్వ్, ఇంపల్స్ అనే జాజ్ లేబుళ్లు అప్పటికే అక్కడున్నాయి.

యజమానుల జాబితా ఇంతే. కానీ నన్ను నిలబెట్టేసిన మనిషి ఈ జాబితాలో లేడు. టీనా బ్రూక్స్ అనే టెనర్ సాక్సోఫోన్ వాద్యకారుడు 1958, 1961 మధ్య బ్లూ నోట్‌కు తన పేరు మీద నాలుగు ఆల్బమ్‌లు చేశాడు. అతను బతికుండగా వచ్చింది ఒక్కటే. మిగతా మూడు పెట్టెల్లో ఉండిపోయాయి. 1974లో, 42 ఏళ్లకే చనిపోయాడు. లిబర్టీ కొన్నప్పుడు, ట్రాన్సామెరికా కొన్నప్పుడు కాగితాల మీద ఆ టేపులూ చేతులు మారాయి. కొన్నవాళ్లు వాటిని విడుదల చేయలేదు.

వాటిని వెతికి విన్నది రికార్డు నిర్మాత మైకేల్ కస్కూనా. విడుదల కాని సెషన్ల గురించి సంగీతకారులు చెప్పిన ప్రతి మాటా నోట్‌బుక్‌లో రాసుకునేవాడు. 1975లో బ్లూ నోట్ టేపులున్న గోదాము తలుపు అతనికి తెరుచుకుంది. టేపు తర్వాత టేపు విన్నాడు. తర్వాత చార్లీ లూరీతో కలిసి మొజాయిక్ అనే చిన్న కంపెనీ పెట్టి, 1985లో బ్రూక్స్ తన పేరు మీద చేసిన రికార్డింగులను ఒకే బాక్సులో తెచ్చాడు. మధ్యలో ఆగిపోయిన బ్లూ నోట్ అదే ఏడాది బ్రూస్ లండ్‌వాల్ అనే కంపెనీ అధికారి చేతుల మీదుగా మళ్లీ మొదలైంది. నా దృష్టిలో ఈ చరిత్రలో కొన్నవాళ్లకంటే కస్కూనాయే ముఖ్యుడు.

ప్రెస్టీజ్, రివర్‌సైడ్ అనే మరో రెండు జాజ్ కంపెనీల కథ ఇంకా చిక్కు. 1955లో థెలోనియస్ మంక్‌ను రివర్‌సైడ్ వాళ్లు ప్రెస్టీజ్ నుంచి తెచ్చుకున్నారు. మంక్ ప్రెస్టీజ్‌కు బాకీ ఉన్న 108 డాలర్ల 27 సెంట్లు కట్టేశారు, అంతే. అంత గొప్ప పియానిస్టుకు ఆనాడు పలికిన ధర అది. ఆ అంకె తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. రివర్‌సైడ్ యజమానుల్లో బిల్ గ్రావర్ 1963 చివర్లో గుండెపోటుతో పోయాడు, 1964లో కంపెనీ దివాలా తీసి మూతపడింది. టేపులు ఏబీసీ అనే రికార్డు కంపెనీకి, అక్కణ్ణుంచి 1972లో కాలిఫోర్నియాలోని ఫాంటసీ అనే కంపెనీకి వెళ్లాయి. అంతకు ఏడాది ముందే ప్రెస్టీజ్‌నూ ఫాంటసీ కొనేసింది. ఇంత డబ్బు ఎక్కడిదంటే, క్రీడెన్స్ క్లియర్‌వాటర్ రివైవల్ అనే రాక్ బృందం రికార్డులు తెచ్చిపెట్టినది. రివర్‌సైడ్‌ను గ్రావర్‌తో కలిసి పెట్టిన ఓరిన్ కీప్‌న్యూస్‌నే ఫాంటసీ జాజ్ విభాగానికి పెట్టుకుంది. సొంత ఇల్లు పోగొట్టుకున్న మనిషి అదే ఇంటికి కాపలాదారుగా వచ్చినట్టు, తను తీసిన టేపుల్నే జీతానికి కూర్చుని మళ్లీ విడుదల చేశాడు. 2004లో ఫాంటసీ కాంకర్డ్ అనే కంపెనీకి అమ్ముడైంది.

యూరప్ నుంచి చవకగా వచ్చే కాపీల గురించి చాలామంది అడుగుతుంటారు. అక్కడ 1963కు ముందు విడుదలైన రికార్డింగుల మీద హక్కులు ముగిసిపోయాయి. కాబట్టి ఎవరైనా ముద్రించవచ్చు, చట్టప్రకారం తప్పు కాదు. కానీ ఒరిజినల్ టేపు వాళ్ల దగ్గరుండదు. దేన్నుంచి కాపీ చేశారో చాలాసార్లు కవరు మీద రాయరు. నేను వాటిని కొనను.

చివరిగా ఇంపల్స్. 1963 మార్చి 6న సాక్సోఫోన్ వాద్యకారుడు జాన్ కోల్ట్రేన్ తన క్వార్టెట్‌తో (నలుగురి బృందంతో) వాన్ గెల్డర్ దగ్గర ఒక రోజంతా రికార్డు చేశాడు. అది అప్పట్లో ఆల్బమ్‌గా విడుదల కాలేదు. ఇంపల్స్ యజమాని ఏబీసీ 1970ల మొదట్లో గోదాము ఖర్చు తగ్గించుకోవడానికి చాలా టేపులు పారేసిందని, ఇదీ వాటిలోనే పోయిందని అంటారు. అయితే ఆ రోజు ఇంటికెళ్లి వినడానికని కోల్ట్రేన్ ఒక చిన్న మోనో టేపు వెంట తీసుకెళ్లాడు. ఆ వేసవిలోనే భార్య నైమాతో విడిపోయాడు. టేపు ఆమె దగ్గర ఉండిపోయింది. ఆమె కుటుంబం దాన్ని భద్రంగా దాచింది. 2018లో, 55 ఏళ్ల తర్వాత, ఆ టేపులోంచే ఆల్బమ్ వచ్చింది. కవరు మీద కంపెనీ పేరు ఇంపల్స్.