ఇన్సర్ట్ పెట్టే చేతుల గురించి నాలుగు మాటలు

అందరికీ నమస్కారం. వేదిక మీది పెద్దలందరి పేర్లూ చెప్పాలి గానీ భోజనాల టైమ్ దగ్గర పడింది, ఒక్క దండంతో సరిపెడుతున్నాను.

ఇన్సర్ట్ మౌల్డింగ్ మీకు కొత్తేమీ కాదు. మీ ఇంట్లో మిక్సీ వైరు చివరి ప్లగ్ చూడండి, విప్పడానికి ఒక్క స్క్రూ కూడా ఉండదు. ఇత్తడి పిన్నులకు వైర్లు బిగించి, వాటిని డైలో, అంటే అచ్చులో, కూర్చోబెట్టి, చుట్టూ పీవీసీ ఎక్కిస్తారు, బయటికి ఒకే ముక్కగా వస్తుంది. ఇత్తడికి ప్లాస్టిక్ జిగురులా అంటుకోదు. అందుకే ఇలా లోపల పెట్టే ఇన్సర్ట్ బుష్ అయితే, అంటే చిన్న ఇత్తడి గొట్టం అయితే, దాని మీద చెక్కిన నర్లింగ్ గరుకు తిరగకుండా పట్టుకుంటుంది, గాడి ఊడిరాకుండా ఆపుతుంది.

ఇంకా చాలా రాసుకొచ్చాను గానీ, ముందు ఈ పీసు చూడండి. దీని గురించి చెప్పకుండా నేను దిగలేను.

ఇది పాలీకార్బొనేట్ అనే గట్టి ప్లాస్టిక్‌తో చేసిన మూత, నాలుగు ఇత్తడి బుష్‌లు. నేను టూల్ రూమ్‌లో చేసిన ఒక షాపులోది. నిలువు మెషీన్ మీద ఒక అమ్మాయి బుష్‌లు పెట్టేది. గంటకి 60 షాట్లు, అంటే 60 సార్లు ప్లాస్టిక్ ఎక్కించడం, షాట్‌కి 4 బుష్‌లు, అంటే గంటకి 240 సార్లు ఆ చెయ్యి డై లోపలికి వెళ్ళి రావాలి. మెషీన్ మీంచి దిగినప్పుడు పీసులు అద్దంలా ఉన్నాయి. మూడు వారాలకి గోడౌన్‌లో బుష్‌ల చుట్టూ పగుళ్ళు! బుష్‌లు వంకరగా పెట్టిందన్నారు, పని మాన్పించేశారు. నేను అక్కడే ఉండి నోరు మెదపలేదు.

తర్వాత ఒక పీసు రంపంతో అడ్డంగా కోశాను. బుష్ నిటారుగా ఉంది. వంకర ఆ అమ్మాయి చేతిలో లేదండీ, మా డ్రాయింగ్‌లో ఉంది! చల్లారేటప్పుడు పాలీకార్బొనేట్ ఇత్తడి కంటే మూడు రెట్లకు పైగా కుంచించుకుంటుంది. లోపల ఇత్తడి కదలదు, కాబట్టి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ బిగుసుకుని లాగుతూనే ఉంటుంది. మేము బుష్‌లు చల్లగా పెట్టించాం, బుష్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ గోడ, అదే బాస్ గోడ, పల్చగా వదిలాం, నర్లింగ్ అంచులు పదునుగా ఉంచాం, పైగా బుష్‌ల మీది లేత్ మెషీన్ నూనె కడగలేదు. పాలీకార్బొనేట్‌కి ఆ నూనె కూడా శత్రువే. బుష్‌లు కడిగి, వేడి చేసి పెట్టించి, డై సరిచేసి బాస్ గోడ మందం పెంచాక పగుళ్ళు ఆగాయి. ఆ అమ్మాయిని మాత్రం ఎవరూ వెనక్కి పిలవలేదు.

బాబూ, వెనక బెంచీ వాళ్ళూ, రేపు డిజైన్ చేసేది మీరే. పగులు కనపడితే ముందు పీసు కొయ్యండి, ఆ తర్వాతే మనిషిని అడగండి. ఇంకొకటి, తలుపు తెరిస్తే మెషీన్‌ని ఆపే డోర్ స్విచ్‌ని స్పీడు కోసం పనిచేయకుండా కట్టేయమని ఎవరు చెప్పినా కట్టొద్దు, లోపల చెయ్యి ఉంటుంది.

ఇదిగో, ఈ పీసు చేతులు మార్చుకుంటూ చివరిదాకా పంపండి. బుష్ అంచున గీత మొదలైన చోట గోరుతో తడిమి చూసి, మళ్ళీ నాకే ఇవ్వండి.