చేతికి డబ్బా తగిలించుకున్న మనిషి: వర్చువల్ ప్రపంచంలో మొదటి గంట

హోస్ట్: అందరికీ నమస్కారం. ఈసారి ఎపిసోడ్‌కు ముందు మా అతిథి నాకు హోంవర్క్ ఇచ్చారు. సెకండ్ లైఫ్ అనే ఆన్‌లైన్ వర్చువల్ ప్రపంచంలో కొత్త అకౌంట్ తెరిచి, ఎవరి సాయమూ అడగకుండా ఒక గంట ఉండి రమ్మన్నారు. ఏళ్ల తరబడి అక్కడ కొత్తవాళ్లకు దారి చూపిస్తున్న మనిషి కదా, ఏదో ఉద్దేశం ఉండే ఉంటుందని వెళ్లాను. నలభై నిమిషాలకే బయటపడ్డాను. అక్కా, స్వాగతం. మీ మీద కొంచెం కోపంగా ఉంది.

అతిథి: (నవ్వు) ఉండాలి మరి. కోపం రాకపోతే నువ్వసలు వెళ్లనే లేదనుకునేదాన్ని. ఏం జరిగిందో చెప్పు.

హోస్ట్: ముందు నాకు నేనే కనబడలేదు. నేనుండాల్సిన చోట పొగ ముద్ద ఒకటి తిరుగుతోంది.

అతిథి: మేఘం. నీ అవతార్, అంటే అక్కడ నీ బదులు తిరిగే బొమ్మ, దాని వివరాలు పూర్తిగా లోడ్ అయ్యేదాకా అలా కనిపిస్తావు. నీకే కాదు, పక్కవాళ్లకూ అంతే. ఎంతసేపు ఉంది?

హోస్ట్: రెండు నిమిషాలేమో. నాకు మాత్రం యుగంలా ఉంది. కంప్యూటర్ పాడైందనుకున్నాను.

అతిథి: అందరూ అదే అనుకుంటారు. చాలాసేపటికీ పోకపోతే కంట్రోల్, ఆల్ట్, ఆర్ కలిపి నొక్కితే దుస్తులూ చర్మమూ మళ్లీ లోడ్ అవుతాయి. ఈ ముక్క అక్కడ పాతవాళ్లందరికీ తెలుసు, కొత్తవాడికి చెప్పాలని మాత్రం ఎవరికీ తోచదు. అలవాటైపోయింది కదా, అదొక ఇబ్బందని కూడా మర్చిపోతాం. సరే, తర్వాత?

హోస్ట్: మనిషినయ్యాక కొంచెం నడిచాను. దూరంగా ఓ పది మంది కనిపించారు. "హలో" అని టైప్ చేశాను. ఒక్కరూ పలకలేదు. ఇంకోసారి చేశాను. అబ్బే. నాకు చచ్చేంత సిగ్గేసింది అక్కా.

అతిథి: ఎంత దూరంలో ఉన్నారు?

హోస్ట్: ఏమో, రోడ్డుకి అవతల.

అతిథి: మామూలు చాట్ ఇరవై మీటర్ల వరకే వినిపిస్తుంది. గుసగుసైతే పది, అరుపైతే వంద. వాళ్లు ఇరవై ఒకటో మీటరులో ఉంటే నువ్వు గాలితో మాట్లాడినట్టే. పైగా ఆ పది మందిలో సగం మంది అసలు కంప్యూటర్ దగ్గర ఉండకపోవచ్చు. తలలు వాల్చి నిలబడ్డారా ఎవరైనా?

హోస్ట్: ఇద్దరు ముగ్గురు ఉన్నారు. నిద్రపోతున్నారనుకున్నా.

అతిథి: లేచి ఎటో వెళ్లారన్నమాట. చూశావా, నిన్ను ఎవరూ కాదనలేదు. కానీ "ఇక్కడ నన్నెవరూ పట్టించుకోరు" అని నీ మనసులో పడిపోయింది. మొదటి గంటలో వెళ్లిపోయేవాళ్లలో నేను చూసినంతవరకు ఎక్కువమంది కారణం ఇదే. బటన్లు రాక కాదు.

హోస్ట్: ఇప్పుడు అసలు అవమానానికి వస్తాను. ఉచితంగా చొక్కా ఇస్తున్నారని ఒక దుకాణంలోకి వెళ్లాను. తీసుకున్నాను. "వేసుకో" అన్నట్టు ఏదో ఆప్షన్ కనిపిస్తే నొక్కాను. చొక్కా రాలేదు. నా కుడి చేతికి పెద్ద డబ్బా ఒకటి అతుక్కుంది.

అతిథి: (పెద్దగా నవ్వు) క్షమించు. నిన్ను చూసి కాదు నవ్వేది. నేను రెండు రోజులు తిరిగాను అలా, డబ్బాతో. ఒక పెళ్లి వేడుకకు కూడా వెళ్లాను.

హోస్ట్: అసలు అదేంటి?

అతిథి: అక్కడ చాలా వస్తువులు డబ్బాలో పెట్టి ఇస్తారు. చొక్కా, దాని రంగులు, వాడే పద్ధతి రాసిన నోట్‌కార్డ్, అన్నీ లోపల. ఆ డబ్బాను నేల మీద పెట్టి తెరవాలి. దాన్నే 'రెజ్' చేయడం అంటారు. కానీ దుకాణాల నేల మీద వస్తువులు పెట్టనివ్వరు, పెడితే చెత్త పేరుకుపోతుందని. అందుకని ఎవరైనా పెట్టుకోవచ్చని వదిలేసిన ఖాళీ స్థలానికి వెళ్లాలి, దాన్ని శాండ్‌బాక్స్ అంటారు. ఈ మధ్య కొన్ని డబ్బాలు తగిలించుకోగానే వాటంతట అవే తెరుచుకుంటున్నాయిలే. నీకు దొరికింది పాతకాలంది అయి ఉంటుంది.

హోస్ట్: ఒకాయన నాకు ప్రైవేటు మెసేజ్ పెట్టాడు. "శాండ్‌బాక్స్‌కి వెళ్లి రెజ్ చెయ్, ఇదిగో ఎల్ఎమ్" అని. మంచివాడే. కానీ ఆ వాక్యంలో నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. అక్కడితో లాగౌట్.

అతిథి: ఇక్కడ ఆగుదాం, నేను చెప్పాలనుకున్నదంతా ఈ వాక్యంలోనే ఉంది. ఎల్ఎమ్ అంటే ల్యాండ్‌మార్క్, నొక్కితే ఆ చోటికి తీసుకెళ్తుంది. ఆయన చెప్పిందాంట్లో తప్పేం లేదు. కానీ "అక్కడికి వెళ్లు" అనడం వేరు, "రా, వెళ్దాం" అనడం వేరు. ఆయన తనే ముందు వెళ్లి, అక్కణ్ణుంచి నీకు టెలిపోర్ట్ ఆఫర్ పంపి ఉంటే నువ్వు 'సరే' ఒక్కటి నొక్కితే చాలు, ఆయన పక్కనే దిగేవాడివి. అప్పుడు "ఇన్వెంటరీ, అంటే నీ సామాను సంచి, తెరువు, డబ్బా కనిపించిందా? దాన్ని పట్టుకుని నేల మీదికి లాగు" అనేవాడు. రెండు నిమిషాల పని.

హోస్ట్: ఆయనే తెరిచి ఇచ్చేస్తే పోయేది కదా?

అతిథి: కుదరదు, ఆ డబ్బా నీది. ఒకవేళ కుదిరినా చేయకూడదు. ఇది నేను దెబ్బ తిని నేర్చుకున్నాను. మొదట్లో నాకు మహా ఉత్సాహం. ఒకావిడ వచ్చింది, అకౌంట్ తెరిచి గంట కూడా కాలేదు. ప్రొఫైల్‌లో అకౌంట్ పుట్టిన తేదీ ఉంటుంది కదా, అది చూసి ఎగిరి గంతేశాను. నేనేళ్లుగా పోగేసిన ఉచిత సామాను, జుట్లు, చెప్పులు, గౌన్లు, నడక యానిమేషన్లు, ఓ నాలుగు వందల పైచిలుకు ఉంటాయి, అన్నీ ఫోల్డర్‌లో పెట్టి ఆవిడ మీద కుమ్మరించాను. తర్వాత "ఇది వేసుకో, అది తియ్, ఆ జుట్టు నీ తలకు నప్పదు, ఇంకోటి పెట్టు" అంటూ గంటన్నర. చివరికి బ్రహ్మాండంగా తయారైంది. స్క్రీన్‌షాట్ కూడా తీశాను.

హోస్ట్: తర్వాత?

అతిథి: తర్వాత ఏముంది, ఆవిడ మళ్లీ రాలేదు. ఎన్నో నెలలు నా ఫ్రెండ్స్ లిస్టులో ఆ పేరు బూడిద రంగులో అలాగే ఉండిపోయింది. ఆలోచిస్తే తట్టింది, గంటన్నరలో ఆవిడ మొత్తం ఆరేడు మాటలు మాట్లాడి ఉంటుంది. అందులో ఒకటి, "ఇక్కడ పడవలు ఉంటాయా?" అని. నేను "తర్వాత చూద్దాం, ముందు చెప్పులు" అన్నాను.

హోస్ట్: అయ్యో.

అతిథి: పడవ నడపడానికి వచ్చింది ఆ మనిషి! అక్కడ బ్లేక్ సీ అని ఉంది, ఎన్నో రీజియన్లు, అంటే ఆ లోకపు చదరపు ముక్కలు, కలిపి కట్టిన సముద్రం. ఒక్కో రీజియన్ 256 మీటర్లు బై 256 మీటర్లు, అలాంటివి వరుసగా దాటుకుంటూ పోవచ్చు. సెయిలింగ్ పోటీలు కూడా పెడతారు. ఆవిణ్ణి ఆ పొగ ముద్ద అవతారంతోనే తీసుకెళ్లి పడవలో కూర్చోబెట్టి ఉంటే సరిపోయేది. చెప్పుల సంగతి ఎవడిక్కావాలి?

హోస్ట్: అయితే మీ మొదటి ప్రశ్న ఇప్పుడు...

అతిథి: "దేని కోసం వచ్చారు?" అంతే. "ఊరికే చూద్దామని" అనేవాళ్లే ఎక్కువ, అది కూడా జవాబే. వాళ్లతో ఊరికే తిరుగుతాను. సంగీతం అంటారు, లైవ్‌లో పాడేవాళ్ల దగ్గరికి తీసుకెళ్తాను. ఇల్లు కట్టాలి అంటారు, శాండ్‌బాక్స్. కాకపోతే జనం కిక్కిరిసిన క్లబ్బులకు మాత్రం మొదటి రోజు వద్దు. అక్కడ యాభై మంది అవతార్లు ఒక్కసారి లోడ్ అవ్వాలంటే పాత లాప్‌టాప్ ఏడ్చేస్తుంది. స్క్రీన్ బిగుసుకుపోతే తప్పు తనదేనని కొత్తవాడికి టెన్షన్. ముందే డ్రా డిస్టెన్స్ 64 మీటర్లకు తగ్గించుకోమంటాను. దూరంగా ఉన్న బొమ్మలు గీయడం మానేస్తుంది, మెషీన్‌కి కాస్త ఊపిరి ఆడుతుంది.

హోస్ట్: నేర్పేది అసలు ఏమైనా ఉందా, లేక అంతా తోడు వెళ్లడమేనా?

అతిథి: ఒక్కటి నేర్పుతాను. కెమెరా. ఆల్ట్ నొక్కి పట్టుకుని, దేన్నైనా క్లిక్ చేసి, మౌస్ తిప్పితే నువ్వు కదలకుండానే దాని చుట్టూ చూడొచ్చు. కొత్తవాళ్లు ఏది చూడాలన్నా ఒళ్లంతా తిప్పుతారు, గోడలకు గుద్దుకుంటారు, నీళ్లలో పడతారు. అక్కడ కళ్లు వేరు, కాళ్లు వేరు. ఇది పట్టుబడగానే మనిషి నిలబడే తీరే మారిపోతుంది, నేను చూస్తుంటాను కదా. మిగతావి అవసరం వచ్చినప్పుడు వాళ్లే అడుగుతారు.

హోస్ట్: వాయిస్‌లో చెప్తారా, టైప్ చేసి చెప్తారా?

అతిథి: టైప్ చేసే. వాయిస్ ఆన్ చెయ్ అని ఎవర్నీ అడగను. వినికిడి సమస్య ఉన్నవాళ్లు ఉంటారు, పక్క గదిలో పిల్లలు పడుకుని ఉంటారు, తమ గొంతు అవతలివాళ్లకు తెలియకూడదనుకునేవాళ్లు ఉంటారు. ఇంకో విషయం, ప్రశ్న వేశాక ఆగాలి. వర్చువల్ ఎబిలిటీ అని ఒక సంస్థ ఉంది, వికలాంగులకు ఆ ప్రపంచంలో తోడుగా నిలుస్తుంది. ఒక వేలితో టైప్ చేసేవాళ్లు, తెర మీది అక్షరాలను చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ఉంటారు. నువ్వు పది సెకన్లు ఆగి "ఉన్నారా?" అని అడిగితే, వాళ్లు సగం రాసిన జవాబు చెరిపేసి "ఉన్నాను" అని రాయాలి. నేను ఒక నిమిషం లెక్కపెట్టుకుని కూర్చుంటాను. మొదట్లో ప్రాణం మీదికి వచ్చేది.

హోస్ట్: డబ్బు సంగతి? నేను జుట్టు ధర మూడు వందలు అని చూసి అదిరిపోయాను.

అతిథి: అవి లిండెన్ డాలర్లు బాబూ. ఒక అమెరికన్ డాలరుకు సుమారు 250 లిండెన్‌లు వస్తాయి. నువ్వు చూసిన జుట్టు డాలరు కంటే కాస్త ఎక్కువ, అంతే. ఇది మొదటి రోజే చెప్పేస్తాను. దాంతోపాటు ఇంకోటి, ఇందులో మాత్రం మొహమాటం లేదు. ఏదైనా వస్తువు "మీ ఖాతాలోంచి డబ్బు తీసుకోవడానికి అనుమతి ఇస్తారా" అని అడిగితే, అది ఎందుకో నీకు తెలియనంతవరకు 'వద్దు' నొక్కాలి. ఒప్పుకున్నావంటే ఆ వస్తువులో ఉన్న స్క్రిప్ట్, అంటే చిన్న ప్రోగ్రామ్, నీ డబ్బు తోడేయగలదు. ఇంకా, చూడ్డానికి అసలు సైట్‌లాగే ఉండే లింకులు మెసేజ్‌లో వస్తాయి, లాగిన్ అవ్వమంటాయి. తెలిసినవాళ్ల పేరుతో వచ్చినా సరే, పాస్‌వర్డ్ కొట్టకూడదు. వాళ్ల అకౌంట్ అప్పటికే పోయి ఉంటుంది. ఎవరైనా విసిగిస్తే బ్లాక్ ఎక్కడుందో చూపిస్తాను. చూపించడం కాదు, నన్నే ఒకసారి బ్లాక్ చేసి తీసేయమంటాను. చేత్తో చేసింది గుర్తుంటుంది.

హోస్ట్: ఇదంతా కంపెనీ చేయాల్సిన పని కాదా? మీలాంటివాళ్లు ఎందుకు?

అతిథి: చేసిన రోజులున్నాయి, మానేసిన రోజులూ ఉన్నాయి. సెకండ్ లైఫ్ 2003లో మొదలైంది. దాన్ని నడిపే కంపెనీ లిండెన్ ల్యాబ్, 'మెంటర్లు' అనే వాలంటీర్ల కార్యక్రమం ఒకటి నడిపింది, 2009 చివర్లో ఆపేసింది. ఆ తర్వాత చాలా బరువు నివాసుల మీదే, అంటే అక్కడ తిరిగే మాలాంటివాళ్ల మీదే పడింది. సెకండ్ లైఫ్‌లోనే కేలడన్ అనే చోట ఆక్స్‌బ్రిడ్జ్ అని నివాసులే నడిపే విశ్వవిద్యాలయం ఉంది, కొత్తవాళ్ల కోసమే పాఠాలు. వేరే లోకాల్లోనూ అంతే. ఈవ్ ఆన్‌లైన్ అనే అంతరిక్ష ఆటలో ఆటగాళ్లే 2004లో ఈవ్ యూనివర్సిటీ పెట్టుకున్నారు.

హోస్ట్: కొత్తవాడెవరో గుర్తుపట్టడం ఎలా? అందరూ మీలాగా ప్రొఫైల్‌లో తేదీలు చూస్తూ తిరగరు కదా.

అతిథి: ఫైనల్ ఫాంటసీ 14 అనే ఆన్‌లైన్ ఆటలో కొత్తవాళ్ల పేరు పక్కన చిన్న ఆకుపచ్చ మొలక కనిపిస్తుంది. నాకది చాలా నచ్చుతుంది. పొరపాటు చేసినా "మొలక కదా, పోనీలే" అనుకుంటారు. వీఆర్‌చాట్ అనే ఇంకో వర్చువల్ లోకంలో వేరే పద్ధతి. కొత్తగా వచ్చినవాడు 'విజిటర్', కొన్నాళ్లు గడిపి పైమెట్టు ఎక్కేదాకా సొంత అవతార్ అప్‌లోడ్ చేయలేడు. అల్లరి మూకల నుంచి కాపాడుకోవడానికి అది అవసరమే, కాదనను. కానీ కొత్తవాణ్ణి దూరం పెట్టడానికి కూడా అదే గుర్తు పనికొస్తుంది. మొలక చూస్తే నీళ్లు పోయాలనిపిస్తుంది, 'విజిటర్' అని చూస్తే తలుపు వేసుకోవాలనిపిస్తుంది. నా అభిప్రాయం, ఒప్పుకోనక్కర్లేదు.

హోస్ట్: మరి ఎప్పుడు వదిలేస్తారు? జీవితాంతం చెయ్యి పట్టుకుని తిప్పరు కదా.

అతిథి: అది నాకు ఇంకా సరిగా రాదు. వదలకపోతే వాళ్లకు నేను తప్ప ఎవరూ ఉండరు. నేను రాని రోజు వాళ్లకా లోకమే ఖాళీ. అందుకే రెండోసారో మూడోసారో కలిసినప్పుడు, వాళ్లకు నచ్చిన పని చేసే గుంపు దగ్గరికి తీసుకెళ్లి, "వీళ్లకు పడవలంటే ఇష్టం" అని పరిచయం చేసి, నేను కొంచెం వెనక్కి జరుగుతాను. ఇరవై ఐదు మీటర్ల వెనక్కి.

హోస్ట్: చాట్ వినబడనంత దూరం!

అతిథి: (నవ్వు) పట్టేశావు. వాళ్లు ఏం మాట్లాడుకుంటున్నారో నాకు వినబడదు. చేతులు టైప్ చేస్తున్నట్టు ఆడుతుంటాయి, అది మాత్రం కనిపిస్తుంది. చేతులు ఆగకుండా ఆడుతున్నాయంటే నేను వెళ్లిపోవచ్చు.

హోస్ట్: నాకూ మళ్లీ వెళ్లాలనిపిస్తోంది. ఈసారి మీతో.

అతిథి: రికార్డింగ్ అయిపోగానే వెళ్దాం. ముందు చెప్పు, దేని కోసం?

హోస్ట్: ...ఎగరొచ్చంటగా?

అతిథి: పేజ్ అప్ నొక్కి పట్టుకుంటే లేస్తావు. ఎగరనిచ్చే చోటికి నేను తీసుకెళ్తాను. ఆ డబ్బా ఇంకా చేతికే ఉందా?

హోస్ట్: ఉంది.

అతిథి: ఉండనీ. దాంతోనే ఎగురుదాం.