గుమ్మం బయట నిలబడ్డవాళ్ళు

పెద్దలకు, వెనక బెంచీల్లో సర్దుకుని కూర్చున్న పిల్లలకు నమస్కారం.

ఈ సాయంత్రం శ్రీకాకుళంలో మనం ఇద్దరిని సత్కరించుకుంటున్నాం. ఒకరు ఉద్దానంలోని ఒక ఊరి ఆశా కార్యకర్త. ఇంకొకరు హైస్కూల్లో సైన్స్ చెప్పే మాస్టారు. వీళ్ళు ఎన్ని క్యాంపులు పెట్టారో, ఎంతమందికి పరీక్షలు చేయించారో నేను చెప్పబోవడం లేదు. ఆ లెక్కలు రిజిస్టర్లలో ఉన్నాయి. వీళ్ళు చేసింది వేరే పని. ఊరి ఆరోగ్యాన్ని పదిహేనేళ్ళ పిల్లల చేతిలో పెట్టి, తాము పక్కకు జరిగి నిలబడ్డారు. రిజిస్టర్లో దానికి గడి లేదు.

ఉద్దానం సంగతి ఈ హాల్లో ఉన్నవాళ్ళకు నేను చెప్పక్కర్లేదు. కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఎటు వెళ్ళినా కొబ్బరి తోటలు, జీడి తోటలు, ఆ తోటల మధ్య డయాలసిస్‌కు బయల్దేరే మనుషులు. ఈ కిడ్నీ జబ్బుకు కారణం ఫలానా అని శాస్త్రవేత్తలు ఇంకా తేల్చలేదు. హిరమండలం రిజర్వాయర్ నుంచి తాగునీటి పథకం కట్టారు, 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆస్పత్రి, పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. మంచిదే. కానీ ఈ జబ్బు మొదట్లో నొప్పి పెట్టదు, వాపు రాదు. మనిషి మామూలుగా తోటకు వెళ్ళి వస్తూ ఉంటాడు. కిడ్నీ చాలా వరకు పోయాకే బయటపడుతుంది. కాబట్టి ఆస్పత్రి గేటు దాటకముందే, ఇంటి గుమ్మం దగ్గరే ఎవరో ఒకరు బీపీ చూడాలి, కిడ్నీ ఎలా పనిచేస్తోందో చెప్పే క్రియాటినిన్ రక్తపరీక్షకు పంపాలి, ఒంటి నొప్పులకు కొట్లో కొనుక్కుని మింగే, కిడ్నీకి చేటు చేసే బిళ్ళల సంగతి అడగాలి.

ఆ గుమ్మం దగ్గర నేను చూసింది చెబుతాను.

ఒక తాత అరుగు మీద కూర్చుని ఉన్నాడు. ఇంటర్ చదివే అమ్మాయి నోట్‌బుక్ పట్టుకుని ముందు నిలబడింది. “తాతా, మోకాళ్ళ నొప్పికి ఏం బిళ్ళ వేస్తన్నావు? ఓపాలి తీసుకురా చూద్దాం” అంది. “ఏటి గుంటా, నువ్వు నాకు చెప్పొచ్చీసినావా?” అన్నాడు తాత. ఆ పిల్ల మొహం ఎర్రబడింది. ఆశా కార్యకర్త గుమ్మం బయట వేపచెట్టు కింద ఉంది. ఒక్క మాట చాలు, తాత లేచి తెచ్చి ఇచ్చేవాడు. ఆమె నోరు విప్పలేదు. చెట్టు వైపే చూస్తూ నిలబడింది. పిల్ల కాసేపు ఊరుకుని, అరుగు మీద కూర్చుని, “మా తాత కూడా ఇలాగే వేసుకునీవోడు. డయాలసిస్ మొదలయ్యాకే మాకు తెలిసింది” అంది. తాత లేచి లోపలికెళ్ళి నాలుగు షీట్లు తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. రెండు ఖాళీవి.

ఆ మౌనం ఎంత కష్టమో నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు నేను ఆరోగ్య శాఖలో సూపర్‌వైజర్‌గా చేశాను. ఏ ఇంట్లోనూ నా నోరు ఊరుకోలేదు.

ఇదే పిల్ల మొదట్లో ఒక తప్పు చేసింది. జీడిపిక్కల బస్తా దించి అప్పుడే కూర్చున్న ముసలమ్మకు, రవిక చేతి మీదే పట్టీ చుట్టి బీపీ చూసింది. పై అంకె 190 వచ్చింది. చూసింది చూసినట్టు చెప్పేసింది. ఆ రాత్రి ఆ ఇంట్లో ఒకటే టెన్షన్, పట్నంలో ఉన్న కొడుక్కి ఫోన్లు. తెల్లారి ఆశా కార్యకర్త విషయం విని మెషీన్ లాక్కోలేదు, తాను వెళ్ళి సర్దిచెప్పనూ లేదు. పిల్లను వెంటబెట్టుకుని అదే ఇంటికి వెళ్ళింది. ముసలమ్మను ఐదు నిమిషాలు కదలకుండా కూర్చోబెట్టించి, రవిక చేయి పైకి జరిపించి, పిల్ల చేతే మళ్ళీ చూపించింది. మామూలుగానే ఉంది. “నిన్న నేను తొందరపడి చూసీసాను మామ్మా, తప్పు నాదే” అని పిల్ల నోటితోనే చెప్పించింది. ఆ ఇంటివాళ్ళు ఆ రోజు నుంచి ఆ పిల్లనే పిలుస్తారు.

ఒకప్పుడు ఇలాంటి తప్పే చేసిన కుర్రాడి దగ్గర నేను మెషీన్ తీసేసుకున్నాను. అతను మళ్ళీ మా క్యాంపుల వైపు రాలేదు. ఆ బాధ నాకు ఇవాళ్టికీ ఉంది.

మాస్టారి సంగతి. డెంగీ గురించి ఆయన క్లాసులో ఉపన్యాసం చెప్పలేదు. పెరట్లో కొబ్బరి చిప్పలో నిలిచిన నీళ్ళు, అందులో గిలగిల తిరిగే పురుగులతో సహా సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి కిటికీలో పెట్టారు. వారం తిరక్కుండానే గుడ్డ కింద దోమలు. గుడ్డు దోమ కావడానికి వారం, పది రోజులు చాలు. అందుకే వారానికోసారి నిలవ నీళ్ళు పారబోయాలని మనం శుక్రవారం డ్రై డే అంటాం. ఆ మాట మైకులో వంద సార్లు విన్న పిల్లలు, సీసా చూశాక ఫ్రిజ్ వెనక ట్రేలు, పాత టైర్లు, తోటల్లో చిప్పలు వాళ్ళే వెతికి బోర్లించారు. తొమ్మిదో తరగతి అబ్బాయి గ్రామసభలో లేచి, ఏ వీధిలో ఎక్కడ కాలవ నిలిచిపోయిందో చదివాడు. మాస్టారు ఆఖరి వరసలో కూర్చున్నారు.

2014లో రాష్ట్రీయ కిశోర్ స్వాస్థ్య కార్యక్రమం మొదలైనప్పుడు 10 నుంచి 19 ఏళ్ళ వాళ్ళకు వాళ్ళ ఈడు పిల్లలతోనే చెప్పించాలన్నారు. కాగితం మీద చక్కటి ఆలోచన. ఊళ్ళో అది నిలవాలంటే ఆ పిల్లల వెనక ఇలాంటి పెద్దమనిషి ఒకరుండాలి. 2022 మేలో ప్రపంచ ఆరోగ్య సంస్థ మన దేశంలోని ఆశా కార్యకర్తలకు గ్లోబల్ హెల్త్ లీడర్స్ పురస్కారం ఇచ్చింది. చూడండి, సేవకులు అనలేదు, నాయకులు అంది. మనం మాత్రం వాళ్ళను ఇంకా పిలిస్తే పరిగెత్తుకొచ్చే మనుషుల్లాగే చూస్తున్నాం.

శాలువా, మెమెంటో ఇస్తాం, ఫొటో దిగుతాం. అంతటితో సరిపెట్టకండని నిర్వాహకులకు నా మనవి. ఈ ఆశా కార్యకర్త కింద నేర్చుకునే పిల్లలకు ఇంకో రెండు బీపీ మెషీన్లు కావాలి. పక్క ఊళ్ళకు వెళ్ళడానికి బస్సు చార్జీలు కావాలి. గ్రామ ఆరోగ్య, పారిశుద్ధ్య, పోషణ కమిటీ కూర్చున్నప్పుడు ఒక కుర్చీ వాళ్ళకూ వెయ్యాలి. వచ్చే ఏడాది ఎవరిని సత్కరించాలో మనలాంటి రిటైరైనవాళ్ళం కూర్చుని తేల్చడం కాదు, పిల్లల్ని అడగండి. తమ వెనక ఎవరు నిలబడ్డారో వాళ్ళకే తెలుసు.

తాత దగ్గర బిళ్ళల షీట్లు తీసుకున్న అమ్మాయి ఇప్పుడు నర్సింగ్ చదువుతోంది. ఊళ్ళో ఉండడం లేదు. ఆమె వెళ్ళిపోయాక ఆ నోట్‌బుక్ ఏమైందని పోయిన నెల అడిగాను. ఎదురింటి పిల్లకు నేర్పించి ఇచ్చి వెళ్ళిందట. ఇద్దరూ ఇక్కడే ఉన్నారు, మూడో బెంచీలో.

శాలువా నేను కప్పను. అమ్మా, మీ ఇద్దరూ వేదిక మీదకు రండి.