ముందు మానిటర్ మెనూ తెరిచి చూడండి
(నల్లగొండలో డీటీపీ, ఇంటర్నెట్ సెంటర్లు నడిపేవారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

కూర్చున్నవాళ్లలో సగం మంది గొంతు నాకు ఫోన్లో తెలుసు. పాత 18 అంగుళాల మానిటర్ తీసేసి 24దో 27దో కొంటారు, మర్నాడు పొద్దున్నే ఫోన్ చేస్తారు. "గిదేందన్నా, పాతదే నయముండె!" అని. మీరు పొరబడి అనే మాట కాదది. కొత్త మానిటర్ నిజంగానే పాతదానికన్నా అధ్వానంగా కనిపించవచ్చు. కానీ నా దగ్గరికి వచ్చిన వాటిలో చాలావరకు మానిటర్‌లో ఏ లోపమూ లేదు. ఈ సంగతి నాకు తెలిసొచ్చింది నా చేత్తో నేను చేసిన తప్పువల్లే, అందుకే ముందు అదే చెబుతాను.

క్లాక్ టవర్ దగ్గర పెళ్లి పత్రికలు డిజైన్ చేసే తమ్ముడొకడున్నాడు. ముహూర్తాల ముందు 24 అంగుళాల మానిటర్ కొన్నాడు. వెళ్లి చూస్తే అక్షరాలకు బూడిద పూసినట్టుంది. "రథం" అని టైపు చేస్తే లోపలి చుక్క కనపడదు, "థ"నో "ధ"నో తెలియదు. పెళ్లి పత్రికలో అంత సందేహం ఉంటే ఎట్లా? నేను పెద్ద మొనగాడిలా ప్యానెల్, అంటే తెరే, పోయిందని తేల్చి వాపసు పంపించాను. నాలుగు రోజులకు ఇంకోటొచ్చింది. అదీ అంతే. తమ్ముడు నన్ను ఏమీ అనలేదు కానీ, చాయ్ మాత్రం తెప్పించలేదు.

రెండోదాన్ని కూడా ప్యాక్ చేద్దామని వంగి పవర్ బటన్ వెతుకుతుంటే పక్కనున్న మెనూ బటన్ నొక్కుకుపోయింది. బ్రైట్‌నెస్, కాంట్రాస్ట్ అని పెట్టె తెరుచుకుంది. ఆ అక్షరాలు చెక్కినట్టున్నాయి! అదే గ్లాసు మీద, మసకబారిన పెళ్లి పత్రికకు రెండంగుళాల దూరంలో. మెనూను మానిటరే తయారు చేసుకుంటుంది, కంప్యూటర్‌తో దానికి పని లేదు. మెనూ బాగుండి మిగతాది మసకగా ఉందంటే గ్లాసు బాగున్నట్టే, వచ్చే సిగ్నలో దాన్ని తీసుకునే సెట్టింగో బాగాలేనట్టు.

మన దగ్గర బోరు పోసినా చివరి మడికి నీళ్లు రాకపోతే ఏం చేస్తాం? మోటారు దగ్గర చూస్తాం, మధ్యలో వాల్వు విప్పి చూస్తాం. ఇదీ అంతే. ఆ రోజు వైరు పట్టుకుని వెనక్కి వెళ్తే టేబుల్ కింద చిన్న వీజీఏ స్ప్లిట్టర్ డబ్బా కనిపించింది. వీజీఏ అంటే పాత తరహా మానిటర్ వైరు, స్ప్లిట్టర్ దాన్ని రెండు తెరలకు పంచుతుంది. కస్టమర్‌కు రెండో తెర చూపించడానికి పెట్టింది. మానిటర్ తన కొలతలు కంప్యూటర్‌కు చెప్పుకుంటుంది, అదే వైరులోని ఒక సన్నని తీగ మీదుగా. చవక స్ప్లిట్టర్లలో, కొన్ని వీజీఏ కేబుళ్లలో ఆ తీగ కలపరు. అప్పుడు విండోస్‌లో మానిటర్ పేరు బదులు "జెనరిక్ నాన్ పీఎన్‌పీ మానిటర్" అని వస్తుంది. ఎదురుగా ఉన్నదెవరో తెలియక కంప్యూటర్ పాత కొలత 1366×768 నే, అంటే అడ్డంగా 1366, నిలువుగా 768 చుక్కలే, పంపుతూ కూర్చుంది.

పంపితే ఏమవుతుంది? ఎల్‌సీడీ గ్లాసు మీద చుక్కలు కదలవు. 1920×1080 అంటే 20,73,600 చుక్కలు, ఎక్కడివక్కడే. 1366 చుక్కల బొమ్మను 1920లో పరచాలంటే ఒక్కో చుక్క 1.4 చుక్కలు కావాలి. సగం చుక్క వెలగదు కాబట్టి పక్కదానికి కాస్త బూడిదరంగు పంచుతుంది. పోచంపల్లి ఇక్కత్ చీర అంచు గుర్తు తెచ్చుకోండి. నేయకముందే నూలుకు కట్లు కట్టి రంగులద్దుతారు కాబట్టి పువ్వు అంచు కత్తిరించినట్టు రాదు, పక్కకు కాస్త పాకుతుంది. చీరకు అదే అందం. దరఖాస్తు ఫారంలో ఆధార్ నంబరుకు అదే పీడ.

వెనకటి డబ్బా మానిటర్లకు ఇట్లా కదలని చుక్కలు లేవు, ఏ కొలత పంపినా సర్దుకునేవి. మన అలవాటు అక్కడిది. ఎల్‌సీడీకి దాని సొంత కొలతే పంపాలి. డిస్‌ప్లే సెట్టింగ్స్‌లో "రికమెండెడ్" అని ఉన్నదే ఎంచండి. ఆ కొలత జాబితాలోనే లేకపోతే రెండు అనుమానాలు. ఒకటి, ఇందాకటి తీగ. రెండోది, గ్రాఫిక్స్ డ్రైవర్, అంటే తెరకు బొమ్మ పంపే భాగాన్ని నడిపే సాఫ్ట్‌వేర్, లేకపోవడం. డివైస్ మేనేజర్‌లో "మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్" అని కనిపిస్తే డ్రైవర్ వేయలేదనే అర్థం.

స్ప్లిట్టర్ తీసేసి హెచ్‌డీఎంఐ కేబుల్ నేరుగా పెట్టాను. "థ" లో చుక్క కనపడింది. చాయ్ కూడా వచ్చింది.

కొలత సరిగ్గానే ఉంది, అయినా మసకే అంటారా? అప్పుడు మధ్య వాల్వు విప్పుదాం. స్క్రీన్‌షాట్ తీసి మీ ఫోన్‌కు పంపుకుని పెద్దది చేసి చూడండి. కెమెరాతో తెరను ఫొటో తీయొద్దు, స్క్రీన్‌షాటే. అందులోనూ మసకగా ఉంటే తప్పు కంప్యూటర్ లోపల ఉంది. అది శుభ్రంగా ఉండి మానిటర్ మీద మాత్రం పాడుగా ఉంటే తప్పు గ్రాఫిక్స్ సెట్టింగ్‌కూ గ్లాసుకూ మధ్యలో ఉంది.

కంప్యూటర్ లోపలి తప్పు మన డీటీపీ వాళ్లకు బాగా పరిచయమైనది. పేజీలు కూర్చే పాత ప్రోగ్రామ్ పేజ్‌మేకర్‌లో ఇంకా అను తెలుగు ఫాంట్లతో పని చేసేవాళ్లు చేతులెత్తండి... చాలామందే ఉన్నారు, సంతోషం. పేజ్‌మేకర్ 7 వచ్చింది 2001లో. విండోస్‌లో స్కేలింగ్, అంటే అక్షరాలను, ఐకాన్లను పెద్దవి చేసే సెట్టింగ్, 125 శాతం పెడితే ఆ ప్రోగ్రామ్‌కు అదేంటో తెలియదు. దాని కిటికీని విండోసే బొమ్మలా సాగదీసి చూపిస్తుంది. క్రోమ్ మెరుస్తుంటుంది, పేజ్‌మేకర్ మాత్రం మసక. ఐకాన్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, కంపాటిబిలిటీ, హై డీపీఐ సెట్టింగ్స్‌లోకి వెళ్లి స్కేలింగ్ బాధ్యత "అప్లికేషన్" కు అప్పగించండి. మెనూలు చిన్నగా అవుతాయి. అక్షరం తేరుకుంటుంది. కళ్లజోడు వాళ్లు 100కు, 125కు మధ్య రాజీ పడాల్సిందే.

ఇక నన్ను ఎక్కువ తిప్పలు పెట్టింది రంగు. హెచ్‌డీఎంఐ పెట్టాక నలుపు నలుపులా ఉండదు, కడిగిన పలకలా ఉంటుంది. కంప్యూటర్‌కు నలుపంటే 0, తెలుపంటే 255. టీవీ లోకంలో నలుపు 16, తెలుపు 235. హెచ్‌డీఎంఐ టీవీల కోసం వచ్చిన దారి కాబట్టి, గ్రాఫిక్స్ కార్డు ఒక్కోసారి మీ మానిటర్‌ను టీవీ అనుకుని 16 నుంచి 235 వరకే పంపుతుంది. మానిటరేమో 16ను నలుపుగా ఒప్పుకోక ముదురు బూడిదగా చూపిస్తుంది. ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డైతే దాని కంట్రోల్ ప్యానెల్‌లో రంగు ఫార్మాట్ "ఆర్‌జీబీ", డైనమిక్ రేంజ్ "ఫుల్" పెట్టండి. ఏఎమ్‌డీ అయితే పిక్సెల్ ఫార్మాట్‌లో "ఫుల్ ఆర్‌జీబీ". కొన్ని మానిటర్ల మెనూలో కూడా ఆర్‌జీబీ రేంజ్ ఉంటుంది, రెండు వైపులా ఒకే మాట మీద ఉండాలి.

ఫ్లెక్సీలు చేసేవాళ్లు ఇంకోటి గమనించండి. నల్ల అక్షరాలు బాగున్నాయి, నీలం మీద ఎర్ర అక్షరాలు మాత్రం చెరిగినట్టున్నాయంటే 4:2:2 అనే పద్ధతి నడుస్తోందేమో చూడండి. అందులో వెలుగు ప్రతి చుక్కకూ విడిగా వెళ్తుంది, రంగు మాత్రం రెండు చుక్కలు పంచుకుంటాయి. సినిమాకు సరిపోతుంది, నాయకుడి పేరుకు సరిపోదు. ఆర్‌జీబీకి మార్చితే సరి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. వీజీఏ తప్పదంటే మెనూలో "ఆటో అడ్జస్ట్" నొక్కండి. అక్షరం చుట్టూ తెల్లటి గీత వస్తుంటే షార్ప్‌నెస్ ఎక్కువైంది, తగ్గించండి. తెరంతా పసుపుగా ఉంటే విండోస్‌లో నైట్ లైట్ ఆన్ అయి ఉంటుంది, ఆపండి. గీతలు మెల్లగా పైకి పాకుతుంటే ఎర్తింగ్ చూపించండి, వీజీఏ మీద ఇది నేను చాలాచోట్ల చూశాను. ఇంకో మాట, నవ్వొద్దు. గ్లాసు మీద పారదర్శకంగా ప్లాస్టిక్ పొర ఉంటుంది, దాన్ని పీకారా? నేనే ఒకరి దగ్గర గంటసేపు సెట్టింగులు మార్చాక, వాళ్ల చిన్నపాప గోటితో మూల లేపింది.

సెట్టింగుతో పోనిదీ ఒకటుంది. 27 అంగుళాల మానిటర్‌కు 1920×1080 అంటే అంగుళానికి 82 చుక్కలే. 24 అంగుళాలకైతే 92. మీ జేబులోని ఫోన్‌లో 400 దాకా ఉంటాయి, దాన్ని చూసి చూసి కన్ను పాడైపోయింది మనకు. 27 కొనాలనుంటే 2560×1440 కొనండి, 109 చుక్కలొస్తాయి. కొనేశామంటే కుర్చీ కాస్త వెనక్కి జరపండి.

నిజంగా గ్లాసు పాడైన కేసులూ ఉంటాయి, లేవనను. మెనూ అక్షరాలే మసకగా ఉన్నా, మెనూ మీదుగా కూడా గీత పోతున్నా వాపసు ఇచ్చేయండి. కొన్న రోజే తెరంతా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి పరిచి చచ్చిన చుక్కలు వెతకండి. ఒకటి రెండు చుక్కలకు మార్చి ఇవ్వని కంపెనీలున్నాయి, వారంటీ కాగితంలో ఎన్నని రాశారో చదవండి. ఆన్‌లైన్‌లో కొంటే వాపసు గడువు లోపలే ఈ పని అయిపోవాలి. అట్టపెట్టె అప్పటిదాకా చింపొద్దు.

వెనక వరసలో అన్న ఎవరో అట్టపెట్టెతో సహా వచ్చినట్టున్నారు. తీసుకురండన్నా ముందుకు. ఎవరైనా ఆ ప్లగ్గు పెట్టండి. కంప్యూటర్ వైరు ఇప్పుడే వద్దు, ముందు మెనూ బటన్ ఎక్కడుందో చూద్దాం.