సాయంత్రం నాలుగు గంటల ఆకలి

[దృశ్యం: మెహదీపట్నంలో ఓ బడి గేటు. గంట మోగగానే పిల్లలు బిలబిలమంటూ బయటికి వస్తారు. కొందరు ఆటోల వైపు, ఇంకొందరు రోడ్డు పక్కన తినుబండారాల బళ్ల వైపు.]

వ్యాఖ్యాత: మధ్యాహ్నం తిన్న అన్నం ఎప్పుడో అరిగిపోయింది. ట్రాఫిక్‌లో ఇల్లు చేరేసరికి ఇంకో గంట పడుతుంది. పిల్లల తిండి గురించి మాట్లాడినప్పుడల్లా మనం లంచ్ బాక్సు దగ్గరే ఆగిపోతాం. నన్నడిగితే అసలు చూడాల్సింది ఈ వేళను. ఉదయం టిఫిను, మధ్యాహ్నం బాక్సు పెద్దవాళ్లు నిర్ణయిస్తారు. సాయంత్రం మాత్రం కడుపు కాలుతున్న పిల్లలు ఏది చేతికందితే అది తింటారు. రోజూ అందేదే అలవాటైపోతుంది.

[దృశ్యం: వంటగది బల్ల మీద టీ కప్పు, పక్కన రెండు ఉస్మానియా బిస్కెట్లు.]

మన హైదరాబాద్ ఇళ్లలో ఆ వేళకు ఎక్కువగా అందేది ఇదే. బిస్కెట్టు ఎప్పుడైనా తింటే నాకేం అభ్యంతరం లేదు. దిగులు టీ గురించి. టీలోని టానిన్లు అనే పదార్థాలు, రక్తానికి కావాల్సిన ఇనుమును తిండి నుంచి ఒంటికి సరిగా పట్టనివ్వవు. ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019–21) ప్రకారం, తెలంగాణలో ఆరు నెలల నుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో 70 శాతం మందికి రక్తహీనత ఉంది. ఆ పిల్లలు ఇప్పుడు బడి వయసుకు వచ్చారు. రక్తం పట్టాల్సిన వయసులో టీ ఎందుకు?

[దృశ్యం: కూల్‌డ్రింకు సీసాను తిప్పి వెనకవైపు చూపించాలి. కెమెరా అక్షరాలు కనిపించేంత దగ్గరగా.]

ఇక ఇది. లేబుల్ మీద 100 మిల్లీలీటర్లకు 11 గ్రాముల చక్కెర అని ఉందనుకోండి. 250 మిల్లీలీటర్ల సీసా తాగితే 27 గ్రాములు దాటిపోతుంది. పెద్దవాళ్లు కూడా రోజు మొత్తం మీద 25 గ్రాముల దగ్గర ఆగితే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఈ లెక్క మీరు చెప్పకండి, పిల్లల చేతే చేయించండి. నాలుగో తరగతి పిల్లలకు వచ్చిన గుణకారమే. చిప్స్ పొట్లమైతే అందులో వాడిన పదార్థాల జాబితా చదివించండి. బరువులో ఏది ఎక్కువో దాని పేరే ముందు రాయాలని నిబంధన.

[దృశ్యం: రాత్రి. గిన్నెలో శనగలు నానుతున్నాయి. మర్నాడు సాయంత్రం కుక్కర్ మూత తీస్తారు. బాణలిలో ఆవాలు చిటపటలాడతాయి.]

మరి ఏం పెట్టాలి? గుగ్గిళ్లు పెట్టండి. శనగలు, అలసందలు, పెసలు, ఏవైనా సరే. రాత్రి నానబెట్టి, ఉడికించి, ఆవాలు, ఎండుమిర్చి, కరివేపాకుతో తాలింపు వేయండి. దించాక కాస్త చల్లారనిచ్చి నిమ్మకాయ పిండండి. పొయ్యి మీద ఉండగానే పిండితే వేడికి విటమిన్ సి తగ్గిపోతుంది. శనగల్లోని ఇనుము ఒంటికి బాగా పట్టేలా చేసేది ఆ విటమినే. పైన పచ్చి ఉల్లి ముక్కలు, తురిమిన క్యారెట్టు చల్లితే కరకరలాడుతూ ఉంటుంది. పిల్లలు చిప్స్‌లో వెతుక్కునేదీ ఆ కరకరే కదా!

తీరిక లేని రోజున ఉడికించిన గుడ్డు, వేయించిన పల్లీలు, నువ్వుల ఉండ. లేదా రైతుబజారు నుంచి తెచ్చిన జామకాయ. తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లో చూస్తే, 100 గ్రాముల జామలో 200 మిల్లీగ్రాములకు పైగా విటమిన్ సి ఉంటుంది. నారింజకన్నా ఎంతో ఎక్కువ. బడి ముందు వీధిలోనే జామకాయల బండి, మొక్కజొన్న కంకుల బండి కూడా ఉంటాయి. పిల్లలతో అక్కడ ఆగండి, వాళ్లనే ఎంచుకోనివ్వండి.

[దృశ్యం: పళ్లెంలో అలాగే మిగిలిపోయిన గుగ్గిళ్లు. తల్లి ముఖంలో విసుగు.]

మొదటి రోజు తినకపోవచ్చు. బతిమాలకండి, బెదిరించకండి. కొత్త రుచిని ఒప్పుకోవడానికి పిల్లలకు ఎనిమిది, పది సార్లు కూడా పట్టవచ్చు. "ఇది తింటే చాక్లెట్ ఇస్తాను" అని మాత్రం అనకండి. అలా అంటే చాక్లెట్టే గొప్పదని మనమే నేర్పినట్టవుతుంది. పళ్లెంలో కొంచెం వడ్డించి, పక్కనే కూర్చుని మీరూ తినండి.

[దృశ్యం: బడిలో తల్లిదండ్రుల సమావేశం. ఒక తండ్రి లేచి నిలబడతాడు.]

ఇంట్లో ఎంత చేసినా బడి కలిసిరాకపోతే కష్టం. కొవ్వు, ఉప్పు, చక్కెర ఎక్కువగా ఉన్న తినుబండారాలను బడిలోపల గానీ, గేటు నుంచి 50 మీటర్ల లోపు గానీ పిల్లలకు అమ్మకూడదని 2020లో కేంద్ర ఆహార భద్రతా ప్రాధికార సంస్థ నిబంధనలు తెచ్చింది. ఈసారి సమావేశానికి వెళ్లినప్పుడు మార్కులతో పాటు దీన్నీ అడగండి: "మన క్యాంటీన్‌లో ఏం అమ్ముతున్నారు? ఆ జాబితా ఒకసారి చూపిస్తారా?"