పీపీ గారు ఎవరి లాయరు?

వ్యాఖ్యాత: మేడం, హత్యకేసులో కొడుకును పోగొట్టుకున్న తల్లి కోర్టు వరండాలో పీపీ గారిని, అంటే పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ని, చూపించి ‘మా లాయరు’ అంటుంది. నిజంగా ఆయన ఆమె లాయరేనా?

న్యాయవాది: కాదండి. ఆమె ఆయనకు వకాలతు ఇవ్వలేదు, ఫీజూ కట్టలేదు. హత్యను సమాజం మొత్తానికి జరిగిన నేరంగా చట్టం చూస్తుంది కాబట్టి ప్రభుత్వమే కేసు నడుపుతుంది. సెషన్స్ కోర్టులో ఆ బాధ్యత పబ్లిక్ ప్రాసిక్యూటర్‌ది.

వ్యాఖ్యాత: అయితే పోలీసుల లాయరు అనుకోవాలా?

న్యాయవాది: అదీ తప్పే. దర్యాప్తు పోలీసుల పని, కోర్టులో కేసు నడపడం పీపీ పని. 1999లో శివ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ మాట గట్టిగా చెప్పింది: ఎలాగైనా శిక్ష వేయించాలన్న దాహం ప్రాసిక్యూటర్‌కు ఉండకూడదు. నిందితుడికి న్యాయంగా దక్కాల్సింది ఏదైనా ఉండి, డిఫెన్సు లాయరు దాన్ని గమనించకపోతే, తెలిసిన పీపీయే జడ్జి దృష్టికి తేవాలి.

వ్యాఖ్యాత: ఇది వింటే బాధితుల కడుపు మండదా?

న్యాయవాది: మండుతుంది, కాదనను. కానీ నా దృష్టిలో వాళ్లకు అసలు ద్రోహం చేసేది పని చేయని ప్రాసిక్యూటర్. సాక్షి బోనెక్కి ‘నేనేమీ చూడలేదు’ అని అడ్డం తిరిగాడనుకోండి. పీపీ వెంటనే లేచి, తన సాక్షినే క్రాస్ చేయడానికి, అంటే ఎదురు ప్రశ్నలు వేయడానికి, జడ్జి అనుమతి అడగాలి. పోలీసులకు ఇచ్చిన వాంగ్మూలం చేతబట్టుకుని ‘కత్తి చూశానని చెప్పారు కదా, ఫలానా వ్యక్తి పారిపోయాడన్నారు కదా’ అంటూ ఒక్కో వాక్యం నిలదీయాలి. మొక్కుబడిగా రెండు ప్రశ్నలు వేసి కూర్చుంటే కేసు అక్కడే సగం చచ్చిపోతుంది.

వ్యాఖ్యాత: అలా జరిగిన దాఖలా ఉందా?

న్యాయవాది: గుజరాత్ అల్లర్ల నాటి వడోదర బెస్ట్ బేకరీ కేసు. 2002 మార్చిలో 14 మందిని చంపేశారు. సాక్షులు వరసగా అడ్డం తిరిగారు, 2003లో నిందితులు 21 మందీ నిర్దోషులుగా బయటికి వచ్చారు. 2004 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కనపెట్టి, మహారాష్ట్రలో మళ్లీ విచారించమంది. ప్రాసిక్యూటర్ డిఫెన్సు లాయరులా వ్యవహరించారని తప్పుపట్టింది. మళ్లీ జరిగిన విచారణలో, 2006లో, ముంబయి కోర్టు తొమ్మిది మందికి యావజ్జీవం వేసింది. ఆ తర్వాత హైకోర్టు అందులో ఐదుగురిని వదిలేసిందనుకోండి. అయినా ఆ కేసు గుర్తొస్తే నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. మళ్లీ విచారణ అందరి అదృష్టంలోనూ ఉండదు కదా!

వ్యాఖ్యాత: పీపీ పట్టించుకోవడం లేదనిపిస్తే ఆ తల్లి ఏం చేయాలి?

న్యాయవాది: కోర్టు అనుమతితో సొంత న్యాయవాదిని పెట్టుకోవచ్చు. 2024 జులై నుంచి అమల్లో ఉన్న కొత్త క్రిమినల్ విచారణ చట్టం, భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ ఈ హక్కు ఉంది. అయితే ఆ న్యాయవాది పీపీ చెప్పినట్లే నడుచుకోవాలి. సాక్ష్యాలన్నీ ముగిశాక, జడ్జి ఒప్పుకుంటే లిఖితపూర్వకంగా వాదనలు ఇవ్వవచ్చు. సొంత న్యాయవాదికి అనుమతి కోరే దరఖాస్తు సాక్షుల విచారణ మొదలయ్యే ముందే వేయమని చెబుతాను, తీర్పు రోజున పరిగెత్తుకొస్తే మేము చేయగలిగింది చాలా తక్కువ.